మీ ఇంటికి రాబోతున్న చెక్కపెట్టె

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెల నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తలా ఒక సాదా చెక్కపెట్టెకు రంగు వేసి, రబ్బరు ముద్రలతో అలంకరిస్తున్నారు. పెట్టెలు ఇంటికి చేరేలోపే మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. దయచేసి వాటిని ఎవరూ సరిదిద్దవద్దు. ఎందుకో చెప్పాలంటే పని జరిగే తీరు కొంత చెప్పాలి.

పెట్టె అందగానే పిల్లల చూపు రంగుల మీదికి పోతుంది. మేము ముందు గరుకు కాగితం చేతికిస్తున్నాం. కాస్త గరుకైన 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి, అంతకంటే మెత్తటి 220తో నున్న చేస్తారు. చెక్క చారలు ఎటు ఉంటే అటే రుద్దాలి. అడ్డంగా రుద్దితే పడిన గీతలు రంగు వేశాక మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. తర్వాత అక్రిలిక్ రంగు పలచగా ఒక పూత. అందులోని తడికి చెక్క నార లేచి, నున్న చేసిన చోటే మళ్లీ గరుకు తేలుతుంది. చేసిందంతా వృథా అయిందని పిల్లలు దిగులుపడేది ఇక్కడే. ఆరాక తేలికగా రుద్ది రెండో పూత వేస్తే ఆ గరుకు పోతుంది. మూత అంచుల్లో మాత్రం రంగు పేరుకోకుండా చూస్తున్నాం, లేకపోతే పెట్టె బిగుసుకుపోతుంది.

కొన్ని ముద్రలు బడిలో ఉన్నాయి. మిగతావి పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు మీద తయారుచేసుకుంటారు. బొమ్మ గీయడం పిల్లల వంతు, కత్తితో చెక్కడం ఉపాధ్యాయుల వంతు. పేరులోని మొదటి అక్షరం కావాలంటే దాన్ని తిప్పి చెక్కాలి. అందుకొక సులువుంది. కాగితం మీద మెత్తటి పెన్సిల్‌తో అక్షరాన్ని ఒత్తుగా రాసి, దానిపై రబ్బరును బోర్లించి నొక్కితే, అక్షరం తిరగబడి రబ్బరుకు అంటుకుంటుంది. ఆ గీత వెంట చెక్కితే పెట్టె మీద సరిగ్గా పడుతుంది.

ముద్ర వేసే ఘడియ నాకు చాలా ఇష్టం. స్పాంజితో రంగును ముద్రకు పలచగా అద్దాలి. ఎక్కువైతే సందులు నిండి బొమ్మ అలుక్కుపోతుంది. ముద్రను నిలువుగా ఆనించి, అటూ ఇటూ కదపకుండా నొక్కి, అలాగే నిలువుగా పైకి తీయాలి. కాగితం మీద చకచకా వేసిన పిల్లలే పెట్టె దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబడతారు. మొన్నటి తరగతిలో ఒక అమ్మాయికి ఆకు సగమే పడింది. తడి బట్టతో వెంటనే తుడిచేయవచ్చని టీచర్ చెప్పినా, ఆ పాప కాసేపు ఆలోచించి, ఖాళీగా మిగిలిన సగంలో ఇంకో ఆకు వేసింది. ఇప్పుడు మొదటి ఆకు దాని వెనుక నుంచి తొంగిచూస్తున్నట్టుంది. ఆ పెట్టెకే అందం వచ్చింది! పెద్దవాళ్లం ఆ సగం ఆకును కుంచెతో పూర్తిచేసి ఉంటే, ఈ ఆలోచన పాపకు తట్టేదే కాదు. అందుకే సరిదిద్దవద్దని ఇంతగా అడుగుతున్నాను. వంకరగా పడిన పువ్వును చూసి మీరు నొసలు చిట్లించినా పిల్లలు ఇట్టే కనిపెట్టేస్తారు.

ముద్రలు పూర్తిగా ఆరాక వార్నిష్ పూత ఉపాధ్యాయులే వేస్తారు.

చేతిపనుల పీరియడ్ ఉన్న రోజు బ్యాగులో ఒక పాత చొక్కా పెట్టి పంపండి. అక్రిలిక్ రంగు తడిగా ఉన్నప్పుడు నీటితో పోతుంది, బట్ట మీద ఆరిందంటే పోవడం కష్టం. పెట్టె ఇంటికి వచ్చాక కొద్దిరోజులు దాని మీద బరువులు పెట్టకండి, పైకి ఆరినట్టున్నా వార్నిష్ పూర్తిగా గట్టిపడటానికి సమయం పడుతుంది. దుమ్మును పొడి బట్టతో తుడిస్తే చాలు. తినే పదార్థాలు అందులో పెట్టవద్దు. ఇక ఏం దాచుకోవాలో పిల్లలే తేల్చుకుంటారు. మూత తెరిచే ముందు వాళ్లను ఒక్కమాట అడగండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు