సుశీకి, ఒళ్ళు నొప్పుల పురాణం

సుశీ,

నిన్న ఫోన్‌లో "ఫైబ్రోమయాల్జియా అటే, జీవితాంతం ఉంటుందటే" అని నువ్వు ఏడుస్తుంటే పైకి అయ్యో అన్నానుగానీ లోపల మాత్రం హమ్మయ్య అనుకున్నాను. తిట్టుకోకు. ఇన్నాళ్ళూ నీ నొప్పికి ఒకరు డిస్క్ అన్నారు, ఒకరు కాల్షియం తక్కువ అన్నారు, ఇంకొకరు నరాల బలహీనత అన్నారు, మీ ఆడపడుచు దిష్టి అంది. ఇప్పుడు దానికో పేరు దొరికింది. ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఎవరి దగ్గరికి వెళ్ళక్కర్లేదో ఇకమీదట తెలుస్తుంది, అదే సగం బరువు దిగినట్టు. ఫోన్‌లో చెబితే నీకు గుర్తుండదు (నాకూ అంతే, పాలు పొయ్యి మీద పెట్టి ఎదురుగా నిలబడి పొంగిపోతుంటే చూస్తూ ఉంటాను, ఇదీ ఈ జబ్బులో భాగమేనట), అందుకే కూర్చుని రాస్తున్నా. ఒక్కసారే చదివెయ్యకు, మెడ పట్టేస్తుంది.

ముందు భయం సంగతి. ఇది ప్రాణం తీసేది కాదు. కీళ్ళు వంకరపోవు, కండరాలు కరిగిపోవు. 2006లో మన వైపు చికున్‌గున్యా వచ్చినప్పుడు మీ అమ్మగారు గోడ పట్టుకుని బాత్‌రూమ్‌కి వెళ్ళేవారు, గుర్తుందా? ఆవిడ మణికట్లూ చీలమండలూ వాచిపోయాయి, అది కీళ్ళ లోపలి వాపు. మనకి వాపుండదు, ఎక్స్‌రేలో ఏమీ కనపడదు, రక్తపరీక్షలన్నీ నార్మల్ అనే వస్తాయి. తేడా వచ్చింది కండరంలో కాదు, నొప్పి కబురు మోసుకెళ్ళే నరాల్లో, దాన్ని అందుకునే మెదడులో. మా డాక్టరుగారు చెప్పిన మాట నాకు నచ్చింది: పిల్లి దూకినా కూసే కారు అలారం లాంటిదమ్మా, కారుకేమీ కాలేదు, కానీ కూత మాత్రం నిజమే కదా అన్నారు. "అంతా నీ ఊహ" అనేవాళ్ళకి ఇంకో సంగతి కూడా చెప్పు. ఈ జబ్బున్నవాళ్ళ వెన్ను ద్రవం తీసి చూస్తే, నొప్పి సంకేతాలు మోసే సబ్‌స్టెన్స్ పీ అనే పదార్థం మామూలువాళ్ళకంటే చాలా ఎక్కువగా ఉందని 1990ల నాటికే తేల్చారు. అలాగని ఆ పరీక్ష చేయించమని నువ్వు గొడవపడకు, అది పరిశోధన కోసమేగానీ ఎవరూ రోగులకి చెయ్యరు.

ఇక డాక్టర్లు. మందుల సంగతికంటే నాకిదే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే మందులు అందరూ రాసేవి ఇంచుమించు అవే, మనిషిని బట్టే తేడా అంతా.

నేను చూసినవాళ్ళలో ఒకాయన నా ఎమ్మారై సీడీ బయటికి కూడా తియ్యకుండా "ఇంట్లో ఎవరితోనైనా గొడవలా అమ్మా?" అని అడిగాడు. అదీ నన్ను కాదు, మా ఆయన వైపు చూసి! ఇంకొకాయన వారం వారం సెలైన్, అందులో బీ12 కలిపి ఎక్కించుకోమన్నాడు. ఎక్కించుకున్న రోజు హాయిగా ఉండేది, మర్నాటికి మళ్ళీ మామూలే, బిల్లు మాత్రం మిగిలేది. కోపమొస్తుంది కానీ వాళ్ళని అని కూడా లాభం లేదు, ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తే ఎముకలే చూస్తాడు. దీనికి చూడాల్సింది రుమటాలజిస్టుని, అంటే కీళ్ళ, కండరాల నొప్పులు చూసే డాక్టర్ని. హైదరాబాద్‌లో నిమ్స్‌లో రుమటాలజీకి ప్రత్యేకంగా విభాగమే ఉంది. ఓపీలో జనం విపరీతం, పొద్దున్నే వెళ్ళి ఓపిగ్గా కూర్చోవాలి. మీకు దగ్గర్లో గుంటూరు, విజయవాడల్లో కూడా ఇప్పుడు ప్రైవేటుగా చూసే రుమటాలజిస్టులు ఉన్నారు. కానీ సుశీ, నెలనెలా తెనాలి నుంచి బస్సులో ఊగుతూ వెళ్ళడం నీ ఒంటికి మంచిది కాదు. ఒకసారి పెద్ద డాక్టర్ చేత ఇదేనని ఖాయం చేయించుకుని, ఆ తర్వాత మీ ఊళ్ళోనే ఎండీ చదివిన ఒక మంచి జనరల్ ఫిజిషియన్‌ని పట్టుకో. ఒక్కరినే. నలుగురి దగ్గర నాలుగు చీటీలు రాయించుకుంటే మనకే ప్రమాదం. ట్రమడాల్ అనే నొప్పి మాత్ర ఒకరు రాసి, ఈ జబ్బుకే వాడే డులోక్సెటిన్ ఇంకొకరు రాస్తే ఆ రెండూ కలిసి ఒంట్లో కొత్త గొడవ తెస్తాయి. నువ్వు వేసుకునే మాత్రలన్నీ, థైరాయిడ్ మాత్రతో సహా, ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకో.

మంచి డాక్టర్ ఎవరో మొదటిసారే తెలిసిపోతుందే. మా డాక్టరుగారు రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి ముందు నా వెనక్కి వచ్చి నిలబడ్డారు. మెడా భుజమూ కలిసే చోట బొటనవేలు పెట్టి నెమ్మదిగా నొక్కడం మొదలుపెట్టారు, ఆవిడ గోరు కింద రంగు తెల్లబడేదాకా. అంతే, అంతకు మించి కాదు. నేను కుర్చీలోంచి లేచిపోయాను. "నాలుగు కిలోల బరువంత కూడా ఉండదమ్మా ఈ నొక్కుడు, మీ ఆయన్ని నొక్కితే ఆయనకేమీ అనిపించదు" అని, మా ఆయన అనుమతి తీసుకుని ఆయన్నీ నొక్కి చూపించారు. ఆ రోజు నుంచే మా ఇంట్లో "మళ్ళీ నొప్పా?" అనే ప్రశ్న ఆగిపోయింది. 1990లో పెట్టిన పద్ధతి అది, ఒంటి మీద 18 చోట్ల అలా నొక్కి 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బని చెప్పేవారు. 2010లో పద్ధతి మార్చారు, ఇప్పుడు నొక్కడం తప్పనిసరి కాదు. ఒంటి బొమ్మ మీద 19 చోట్లలో ఎక్కడెక్కడ నొప్పో గుర్తు పెట్టమంటారు, దాంతో పాటు అలసట, నిద్ర, మతిమరుపు ఎంతున్నాయో అడుగుతారు, ఇదంతా కనీసం మూడు నెలలుగా ఉందా అని చూస్తారు. నిద్ర గురించి అడగని డాక్టర్ దగ్గర ఎక్కువసేపు కూర్చోకు. "పడుకుని లేచాక పడుకున్నట్టు ఉంటుందా?" అని అడిగారు మా డాక్టరుగారు. అంతకుముందు ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. టొరంటోలో మోల్డోఫ్‌స్కీ అనే ఆయన 1975లోనే, ఏ జబ్బూ లేనివాళ్ళని గాఢనిద్రలోకి జారకుండా కదిలిస్తూ ఉంటే కొన్ని రాత్రులకే వాళ్ళకీ ఇలాంటి ఒళ్ళు నొప్పులే వచ్చాయని చూపించాడు. అన్నట్టు అన్నయ్యగారిని అడుగు, నువ్వు గురక పెడతావేమో. నిద్రలో ఊపిరి ఆగే సమస్య కూడా ఉంటే దానికి వేరే వైద్యం ఉంది, అది తగ్గితే ఇదీ కొంత తగ్గుతుంది.

లోపలికి వెళ్ళాక నీకు దొరికేది పది నిమిషాలు. "ఒళ్ళంతా నొప్పి డాక్టర్" అంటే రోజూ వంద మంది చెప్పే మాటే అది, ఆయన చెవికి కూడా ఎక్కదు. చెయ్యలేకపోతున్న పనులు చెప్పు. బోర్డు మీద నాలుగు లైన్లు రాసేసరికి చెయ్యి దించేస్తున్నానని చెప్పు. జాకెట్ హుక్ పెట్టుకోవడానికి కూతుర్ని పిలుస్తున్నానని చెప్పు, సిగ్గుపడకు. జ్వరం, బరువు తగ్గిపోవడం, కీళ్ళ వాపు లాంటివి ఉన్నాయో లేవో ఆయన అడక్కపోయినా నువ్వే చెప్పు, అవి ఉంటే కథ వేరు. అన్నయ్యగారిని బయట కూర్చోబెట్టకు, లోపలికి తీసుకెళ్ళు, ఆయన చెవిన పడాలి.

పరీక్షలు కొన్ని తప్పవు. థైరాయిడ్, విటమిన్ డీ, బీ12, సీబీసీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్, సీఆర్పీ (ఈ రెండూ ఒంట్లో వాపు ఉందేమో చూసేవి). ఇవి ఫైబ్రోమయాల్జియాని పట్టుకోవడానికి కాదు, దీనిలాగే కనపడే ఇంకోటి కాదని తేల్చుకోవడానికి. విటమిన్ డీ మరీ తగ్గిపోతే ఆ ఒక్కదానితోనే ఒళ్ళంతా నొప్పులొస్తాయి. ఒకసారి చేయించుకున్నాక, కొత్త లక్షణం ఏదీ లేకుండా ఆరు నెలలకోసారి మొత్తం ప్యాకేజీ చేయించుకోమంటే ఎందుకని అడుగు.

మందుల విషయంలో నీకు మొదట తగిలే షాక్, మెడికల్ షాపు అబ్బాయి "ఇది డిప్రెషన్ మాత్రండీ" అనడం. నాకు అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు, రాత్రి పడుకునే ముందు. డిప్రెషన్‌కి వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లుంటుంది. ఈ చిన్న మోతాదు నిద్రకీ, నొప్పి సంకేతాలని కాస్త అదుపులో పెట్టడానికీ. నోరు ఎండిపోతుంది, మొదటి వారం పొద్దున మగతగా ఉంటుంది, అందుకని తొమ్మిదింటికల్లా వేసుకునేదాన్ని. ఇది కాకుండా అమెరికాలో 2007లో ప్రీగాబాలిన్‌ని, 2008లో డులోక్సెటిన్‌ని, 2009లో మిల్నాసిప్రాన్‌ని ప్రత్యేకంగా ఈ జబ్బు కోసమే ఆమోదించారు. ప్రీగాబాలిన్‌తో నేను బరువు పెరిగాను, పాదాలు ఉబ్బాయి, ఆపించేశారు. మా కొలీగ్ ఒకావిడకి అదే బ్రహ్మాండంగా పనిచేసింది. కాబట్టి నాకు పడింది నీకు పడాలని లేదు, నాకు పడనిది నీకు పడదనీ లేదు. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకో: వీటిలో ఏదీ నొప్పిని సున్నా చెయ్యదు. పదిలో ఎనిమిది ఉన్నది అయిదుకి దిగితే మందు పనిచేసినట్టే. మనంతట మనం వీటిని మానెయ్యకూడదు కూడా, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. నువ్వు డబ్బాలో దాచుకుని వేసుకుంటున్న డైక్లోఫెనాక్ నొప్పి మాత్రలు మాత్రం తీసి పారెయ్యి, మన నొప్పి వాపు వల్ల వచ్చేది కాదు కనుక అది పెద్దగా చేసేదేమీ లేదు, కడుపూ కిడ్నీలూ పాడవ్వడం తప్ప. స్టెరాయిడ్ ఇస్తానంటే వద్దను. "నెల రోజుల్లో పూర్తిగా నయం" అని చెప్పి పేరు లేని పొడి పొట్లాలిచ్చేవాళ్ళ జోలికి అసలు వెళ్ళకు, అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపినవి బయటపడుతూనే ఉన్నాయి. మీ అత్తగారు చేసే నల్లేరు పచ్చడి తిను, రుచిగా ఉంటుంది. ఆవిడ తైలం రాసి కాపడం పెడతానంటే పెట్టించుకో, వెచ్చదనం మనకి సుఖమే, ఆవిడకీ తృప్తి.

ఇప్పుడు నీకు నచ్చని సంగతి. యూరప్‌లోని రుమటాలజీ డాక్టర్ల సంఘం 2016లో అన్ని వైద్యాలనీ జల్లెడ పట్టి చూస్తే, గట్టిగా సిఫారసు చెయ్యగలిగింది ఒక్కటే తేలింది. వ్యాయామం! ఏ మాత్రకీ ఆ స్థాయి దక్కలేదు. చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది, మంచం దిగలేనిదానికి వ్యాయామమేమిటని. కానీ అయిదు నిమిషాల నడకతో మొదలుపెట్టు, నిజంగా అయిదే, బాగుంది కదా అని పది చెయ్యకు. మర్నాడు నొప్పి పెరగకపోతేనే ఇంకో నిమిషం కలుపు. మనవాళ్ళతో చిక్కేంటంటే, కాస్త బాగున్న రోజున అటకలు దులిపేసి, పప్పు నానబోసి, దుప్పట్లన్నీ ఉతికేసి, తర్వాత నాలుగు రోజులు మంచాన పడతాం. బాగున్న రోజున సగంలో ఆపడమే కష్టం నాకు ఇప్పటికీ. ఫిజియోథెరపీకి వెళ్తే ఊరికే కరెంటు పెట్టి పంపించేవాళ్ళు కాకుండా, దగ్గరుండి కదలికలు నేర్పేవాళ్ళని చూసుకో. బోస్టన్‌లో 226 మంది మీద చేసి 2018లో అచ్చువేసిన అధ్యయనంలో, తాయ్ చీ అనే చైనా వాళ్ళ నిదానపు వ్యాయామం మామూలు ఏరోబిక్స్‌తో సమానంగానో ఇంకాస్త మెరుగ్గానో పనిచేసిందట. తెనాలిలో తాయ్ చీ ఎక్కడ దొరుకుతుందిలే, మెల్లగా చేసే యోగాసనాలు నేర్చుకో, కానీ "ఇంకొంచెం వంచండి మేడమ్" అని వీపు మీద చెయ్యేసి నొక్కే గురువుగారైతే చాప చుట్టుకుని వచ్చేసెయ్యి.

బడి సంగతి అడిగావు. 2016 నాటి వికలాంగుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, వాటిలో దీని పేరు లేదు, కాబట్టి సర్టిఫికెట్ కోసం తిరిగి అలిసిపోకు. దాని బదులు డాక్టర్ చేత ఒక ఉత్తరం రాయించుకుని హెచ్చెమ్ గారిని సూటిగా అడుగు, కింది గదిలో క్లాసు ఇమ్మని, కూర్చుని పాఠం చెప్పుకోనిమ్మని. ఇంట్లో మీ అత్తగారు "మా కాలంలో ఇలాంటి రోగాలు లేవు" అంటే వాదించకు. నేను మా అత్తగారికి లేడీ గాగాకి కూడా ఇదే ఉందని, 2017లో తనే బయటికి చెప్పిందని గొప్పగా చెబితే, "ఆవిడెవరు, వాళ్ళింట్లో వంట ఎవరు చేస్తారు?" అంది. ఏం చెబుతాను!

వచ్చే నెల దసరా సెలవులకి వస్తానన్నావు కదా, ఆ వారంలో మా డాక్టరుగారి అపాయింట్‌మెంట్ తీసి ఉంచుతాను, ఏ రోజుకో రెండు రోజుల్లో చెప్పు. పాత ఎమ్మారై సీడీలు మోసుకురాకు, రిపోర్టులు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టు, నేను ప్రింట్ తీయిస్తాను. బస్సు వద్దు, రైల్లో లోయర్ బెర్త్ చేయించుకో. అన్నయ్యగారు రానంటే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతాను.

ఉంటా,
నీ విజ్జి