వార్షిక నివేదిక: నిలువ నీడ లేనివారి మధ్య మన పని

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది జరిగిన పెద్ద మార్పు నమోదు పుస్తకంలో. ఇంటిపేరు గడి తీసేశాం. ఇల్లు లేని మనిషిని ముందుగా ఇంటిపేరే అడుగుతున్నామని ఇన్నాళ్లూ మనకి తట్టనే లేదు. గోదావరి జిల్లాల్లో ఇంటిపేరూ ఊరూ చెబితే చాలావరకు కులం చెప్పినట్టే. ‘మనవాళ్లేనా’ అని నోటితో అడగక్కర్లేదు, ఆ గడే అడుగుతుంది. దానికి జడిసి వేరే పేరు రాయిస్తే, అది తర్వాత కాగితాల్లో కలవక పని మొదటికొస్తుంది. ఇప్పుడు ‘ఏమని పిలవమంటారు?’ అని అడిగి అదే రాస్తున్నాం. కుల ధ్రువపత్రం కావాలన్నవాళ్లకి ఆ వివరం విడిగా తీసుకుంటున్నాం.

రాజమహేంద్రవరం ఘాట్లలో రాత్రిపూట టార్చి నేలకే వేయాలి, మొహం మీద కాదు. నిలబడి మాట్లాడొద్దు, ఒక మెట్టు కింద కూర్చోండి. ఒంటరి ఆడమనిషి దగ్గరికి ఆడవాళ్లు తోడు లేకుండా వెళ్తే, అన్నం పొట్లం అక్కడ పెట్టి వచ్చేయడమే. పుట్టినరోజు అన్నదానాల ఫొటోలు ఆపేశాం. కొందరు దాతలు నొచ్చుకున్నారు, నొచ్చుకోనివ్వండి.

ఓటు నమోదుకి ఫారం 6లో పడుకునే చోటే చిరునామాగా రాయొచ్చు. బూత్ స్థాయి అధికారి ఒకటికి మించిన రాత్రులు వచ్చి, మనిషి అక్కడే పడుకుంటున్నట్టు చూస్తే చిరునామాకి వేరే రుజువు అక్కర్లేదు. చెడేది ఇక్కడే. వానొస్తే ఘాటు మీదవాళ్లు బస్టాండుకి పోతారు, అధికారి వచ్చేసరికి చాప కూడా ఉండదు. అందుకే వానలూ కార్తీక స్నానాల రద్దీ దాటాక, మార్గశిరంలో దరఖాస్తులు పెట్టిస్తున్నాం.

ఆధార్ పోయిందన్నవాళ్లకి కొత్త నమోదు చేయించొద్దు. వేలిముద్రలు పాతవాటితో కలిసి దరఖాస్తు తిరిగొస్తుంది. పాత నంబరే వెతికించాలి.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకి 2019 చట్టం కింద కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రానికి 2020 నాటి నిబంధనల్లో వైద్య పరీక్ష పెట్టలేదు. షెల్టర్లో మగవాళ్ల హాల్లో పడుకోమంటే వాళ్లు మళ్లీ ప్లాట్‌ఫారం మీదికే పోతారు. మనం దాన్ని ‘సాయం వద్దన్నారు’ అని రాసుకుంటున్నాం. ఆ మాట ఇకమీదట పుస్తకంలో రాయొద్దు, ఎందుకు వెళ్లిపోయారో రాయండి.

వరదకి గోదావరి మధ్య లంకల నుంచి ఏటిగట్టు ఎక్కినవాళ్లలో పట్టా ఉన్నవాళ్ల పేర్లు జాబితాలోకి తేలిగ్గా ఎక్కుతాయి. వేరేవాళ్ల స్థలంలో పాక వేసుకున్న కూలీలు జారిపోతారు. టార్పాలిన్ల బండి ఆగేచోట ముందు నిలబడేది గొంతున్నవాళ్లే. ఈసారి బండిని గట్టు ఆ చివరికంటా తీసుకెళ్లి, అక్కణ్నుంచి పంచుకుంటూ వెనక్కి రావాలి.