ఆ రోజు నాకు కళ్ళజోడు అమ్మనన్న పెద్దాయనకు

డాబాగార్డెన్స్ సందులో చిన్న కళ్ళజోళ్ళ దుకాణం నడిపే పెద్దాయనకు, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఒక అమ్మాయికి, నన్ను ఓపికగా చూసిన కంటి డాక్టరమ్మకు, మా ప్రెస్సు యజమానికి ఈ ఉత్తరం. పేర్లు రాయడం లేదు. అడిగితే వద్దనే మనుషులు వాళ్ళు. చదివితే ఎవరి మాట ఎక్కడుందో వాళ్ళకే తెలుస్తుంది.

నేను విశాఖపట్నంలో ఇరవై రెండేళ్ళుగా డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. మొన్న మాఘమాసంలో పెళ్ళిళ్ళ పని ఊపిరాడకుండా ఉన్నప్పుడు ఒక శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు చివర ‘నాథ్’ అని రావాల్సింది ‘నాధ్’ అని అచ్చయింది. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. ప్రూఫు రెండుసార్లు చూశాను. లేని చుక్క రెండుసార్లూ ఉన్నట్టే తోచింది. ఐదు వందల కార్డులు అచ్చయిన తర్వాత పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, ఆ అక్షరం మీద వేలు పెట్టి చూపించారు. ఆయన కోప్పడలేదు. “మా నాన్నగారి పేరు బాబూ, మనవడికి పెట్టుకున్నాం” అన్నారు. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

అప్పటికి నెలన్నర నుంచి నా కళ్ళు సరిగా లేవు. పొద్దున బాగానే ఉండేవి. మధ్యాహ్నానికి ఇసుక పడినట్టు గరగర, ఆపైన మంట. సాయంత్రం ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్ దగ్గర నిలబడితే బస్సు మీది అంకెలు దగ్గరికి వచ్చేదాకా తెలిసేవి కావు. కాసేపు తేట, కాసేపు మసక. నాకు నలభై నాలుగేళ్ళు. చత్వారం వచ్చిందని అందరూ తేల్చేశారు.

మా నాన్నకూ అలాగే తేల్చారు. రెండేళ్ళలో మూడు కళ్ళజోళ్ళు మార్చారాయన. మూడుచోట్లా పవరు చూశారు, డబ్బు తీసుకున్నారు, అద్దాలు ఇచ్చారు. 2009లో ఒక ఉదయం ఎడమ కంటి ముందు నల్లటి సాలెగూడు వేలాడుతున్నట్టుందన్నారు. వాల్తేరులోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. షుగరు అని మాకు తెలిసింది ఆ రోజే. అది ఎన్నేళ్ళుగా లోపల ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. కంటి లోపల వెనక ఉండే తెర, రెటీనా, దాని మీద రక్తనాళాలు చిట్లి రక్తం కారింది. అక్కడి డాక్టర్లు లేజర్ చేసి కుడి కన్ను నిలబెట్టారు. వాళ్ళకు మా ఇంటిల్లిపాదీ ఈనాటికీ రుణపడి ఉన్నాం. ఎడమ కన్ను మాత్రం తిరిగి రాలేదు. తర్వాత బతికిన ఆరేళ్ళూ నాన్న గ్లాసులో పోయబోయిన నీళ్ళు గ్లాసు పక్కన పోసేవారు. అమ్మ ఏమీ అనకుండా తుడిచేది.

అందుకే నా కళ్ళు మసకబారిన మొదటి వారంలోనే నాకు అనుమానం వచ్చింది. ఇంట్లో చెప్పలేదు. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నానో లెక్కపెట్టుకునేవాడిని. దాహం వేస్తే ఇది ఉక్కకు వేసిన దాహమా, ఆ జబ్బు దాహమా అని ఆలోచన. షుగరున్నవాళ్ళ మూత్రానికి చీమలు పడతాయని చిన్నప్పుడు పెద్దవాళ్ళు అనుకునే మాట గుర్తొచ్చి, స్నానాల గది మూల చీమలు చేరుతున్నాయేమోనని అర్ధరాత్రి లైటు వేసి వంగి చూసేవాడిని. ఆ కళ్ళతో చీమలు ఉన్నదీ లేనిదీ కూడా తేలేది కాదు. టీలో చక్కెర మానేశాను. పరీక్షకు మాత్రం వెళ్ళలేదు. కాగితం మీద అంకె చూడాలంటే భయం.

అంతకు ముందు ఒక ఆరోగ్య శిబిరం కోసం కరపత్రం కూర్చింది కూడా నేనే. 2023లో వచ్చిన, దేశ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గడప దగ్గర ఉన్నారు. ఆ అంకెలను ఎర్ర రంగులో పెద్దవిగా పెట్టాను. సరిగా పడ్డాయా లేదా అని చూశానే గాని, మా నాన్న కొడుకుగా నేను ఆ లెక్కలో ఎక్కడున్నానని ఒక్కసారీ అనుకోలేదు.

శుభలేఖ తప్పు బయటపడిన సాయంత్రమే ఆ కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. పెద్దాయన అద్దాలు మార్చి మార్చి పెడుతూ చార్టు చదివించారు. ఒక వరస సగంలో ఆగిపోయాను. “రెప్పలు కొట్టి చూడండి” అన్నారు. కొట్టాను. అక్షరాలు తేటపడ్డాయి. “ఇప్పుడు కొట్టకుండా అలాగే చూడండి.” నాలుగైదు సెకన్లు గడిచాయో లేదో అంచులు చెదిరిపోయాయి. ఇంకోసారి చేయించారు, అంతే. అప్పుడు నా ముఖం మీది ఫ్రేము తీసి బల్ల మీద పెట్టి, ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని అడిగారు. నాన్నకు ఉండేదని చెప్పడానికి నాకు కొంత సేపు పట్టింది.

“అయితే ఈ రోజు మీకు కళ్ళజోడు అమ్మను” అన్నారాయన. “రెప్ప కొడితే తేటపడుతోందంటే కన్నీటి పొర సంగతి కావచ్చు. కానీ ఒంట్లో షుగరు బాగా ఎక్కువైనా కంటిలోని కటకం, అదే లెన్సు, నీరు పట్టి ఉబ్బుతుంది, పవరు మారిపోతూ ఉంటుంది. ఇవాళ కొలిచి అద్దం కోస్తే నెల తర్వాత అది మీకు పనికిరాదు. ముందు రక్తపరీక్ష, తర్వాత కంటి డాక్టరు, ఆఖరున నేను.” అరగంట నాతో కూర్చున్నారు. ఆ అరగంటకు కూడా రూపాయి తీసుకోలేదు. నాన్నకు అద్దాలు ఇచ్చిన ముగ్గురిలో ఒక్కరు ఈ ప్రశ్న అడిగి ఉంటే అని ఆ రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పరగడుపున ల్యాబుకు వెళితే అక్కడి అమ్మాయి నా చెయ్యి వణకడం చూసింది. చక్కెర మానేశానని చెప్పాను. “మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించుకోండి బాబాయ్ గారూ, నాలుగు రోజులు టీలో చక్కెర మానేస్తే అది మోసపోదు” అంది. సాయంత్రం తనే ఫోను చేసింది. పరగడుపున 106, భోజనమైన రెండు గంటలకు 137, హెచ్‌బీఏ1సీ 5.9. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 చేరినా, దాటినా మధుమేహం అంటారని, మామూలు మనిషికి 100 లోపు, 5.7 లోపు ఉండాలని, నేను మధ్యలో ఉన్నానని వివరంగా చెప్పింది. “డాక్టరు గారికి చూపించండి, ఈ రాత్రికి మాత్రం నిద్రపోండి” అని ఫోను పెట్టేసింది. ఆ ఆఖరి మాట ఆ అమ్మాయి పనిలో భాగం కాదు.

కంటి డాక్టరమ్మ కింది రెప్ప లోపల సన్నటి కాగితపు ముక్క తగిలించి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోమన్నారు. మా ప్రెస్సులో వాడే అద్దుడు కాగితంలాంటిదే. పది మిల్లీమీటర్లయినా తడవాల్సిన కాగితం నాకు ఎడమ కంటిలో నాలుగు, కుడి కంటిలో ఆరు తడిసింది. రంగు వేసి నీలి దీపంలో చూసి, కన్నీటి పొర రెప్ప తెరిచిన నాలుగు సెకన్లకే చిట్లుతోందన్నారు. తర్వాత కంటిపాప విప్పే చుక్కలు వేసి రెటీనా అంతా వెతికారు. ఎక్కడా రక్తపు చుక్క లేదు, వాపు లేదు. ఆ మాట నాతో రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆవిడ విసుక్కోలేదు.

నా భయం అర్థం లేనిది కాదని కూడా ఆవిడే చెప్పారు. మధుమేహం ఉన్నవాళ్ళలో నల్లగుడ్డు మీది నరాలు మొద్దుబారి కన్నీరు తగ్గడం ఉన్నదేనట. నాకున్న 5.9 మాత్రం చూపును ఇంతగా మసకబార్చే అంకె కాదన్నారు. ఏ మందులు వాడుతున్నానో, ఎక్కడ కూర్చుంటానో అడిగితే అసలు సంగతి దొరికింది. రోజుకు పది గంటలు తెర ముందు, రెప్ప వేయడం మరిచిపోయి. నెత్తి మీద ఏసీ గాలి సూటిగా ముఖానికి. తుమ్ములకని రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్న అలర్జీ మాత్ర. అది కన్నీటిని కూడా ఎండగడుతుందని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మాత్ర మార్చారు, చుక్కల మందు రాశారు, ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడమన్నారు. మా యజమాని ఏసీ దిశ ఆ సాయంత్రమే మార్పించారు. శుభలేఖలు తిరిగి అచ్చువేసిన ఖర్చు నా జీతంలో కోయలేదు. ఆ నెలంతా నా ప్రూఫులు ఆయనే చదివారు. అయ్యా, మీకు ఎదురుగా నిలబడి చెప్పలేకపోయాను.

ఇంత రాయడానికి అసలు కారణం మా తమ్ముడు. గాజువాకలో లారీ మెకానిక్కు, ముప్పై తొమ్మిదేళ్ళు. చూపు నిక్షేపంగా ఉంది, దాహం లేదు, నీరసం లేదు. నా రిపోర్టు చూపించి, నాన్న కొడుకువి నువ్వూ కదా అని బతిమాలి అదే ల్యాబుకు తీసుకెళ్ళాను. పరగడుపున 152, హెచ్‌బీఏ1సీ 7.6. కళ్ళు మసకబారిన నాకు లేనిది, ఏ ఇబ్బందీ లేని వాడికి ఉంది. డాక్టరమ్మ వాడి రెటీనా కూడా చూశారు. శుభ్రంగా ఉంది. మందులు మొదలుపెట్టాడు. ఆదివారాలు ఇద్దరం పెందలాడే, వాహనాలు ఆపేసే వేళకు, నడకకు బీచ్ రోడ్డు చేరుకుంటున్నాం.

పెద్దాయనా, మీరు ఆ రోజు నాకు అద్దాలు అమ్మి ఉంటే వాడు పరీక్షకు వెళ్ళేవాడు కాదు. నెల తర్వాత మీ దగ్గరే చత్వారపు కళ్ళజోడు చేయించుకున్నాను. థ కడుపులో చుక్క ఇప్పుడు కనబడుతోంది.

తమ్ముడి రెటీనా ప్రతి ఏడాదీ చూపించాలని డాక్టరమ్మ చీటీ మీద తేదీ వేసి ఇచ్చారు. వాడు పారేస్తాడని నేను తీసుకుని, ప్రెస్సులో నా కంప్యూటర్ పక్కన అంటించుకున్నాను.