గడి ఖాళీగానే ఉంచు

బంగారుతల్లీ,

దసరాకి వచ్చినప్పుడు నువ్వు టేబుల్ మీద వదిలేసి వెళ్ళిన ఆ అమెరికా ఫోటోగ్రాఫర్ ప్రింట్లు నా దగ్గరే ఉన్నాయి. ఆ రోజు మీ పెదనాన్న "ఇవి ఆధార్ కార్డు ఫోటోల్లా ఉన్నాయి, ఇందులో కళేముందే" అంటే నువ్వు అన్నం సగంలో వదిలేసి లేచిపోయావు. నేను నోరు మెదపలేదు. నిజం చెప్తున్నాను, నాకూ అలాగే అనిపించింది. నువ్వు వెళ్ళాక నాలుగైదు రాత్రులు ఆ కాగితాలు మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. అది నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

టారిన్ సైమన్ అనే ఆ అమెరికా ఆవిడ 2008 నుంచి 2011 దాకా దేశాలు తిరిగి 18 వంశాలను వెతికి ఫోటోలు తీసిందని నువ్వే చెప్పావు. అందరూ ఒకే లేతరంగు తెర ముందు, ఒకే వెలుతురులో, ఒక్కొక్కరు ఒక్కో గడిలో ఉంటారు. వాళ్ళ వరస ఆవిడ ఇష్టం కాదు, పుట్టుక ఎలా ఉంటే అలాగే. మొదట నాకు విసుగనిపించింది అక్కడే. తర్వాత మన వాకిట్లో చుక్కలముగ్గు గుర్తొచ్చింది. చుక్కలు వరసలో పడితేనే కదా, ఒకటి తప్పిపోతే కంటికి తెలిసేది!

అలా తప్పిపోయిన చుక్కలే ఆ ఖాళీ గడులు. మనిషి రాలేకపోతే ఆవిడ ఆ చోటు వేరేవాళ్ళతో నింపలేదు, తీసేయలేదు. ఖాళీగా ఉంచి కారణం రాసింది. ఒకరికి డెంగీ జ్వరం, ఒకరు జైల్లో, ఒకరు సైన్యంలో. కొందరు ఆడవాళ్ళకి ఫోటో దిగడానికి ఇంట్లో ఒప్పుకోలేదట. బోస్నియా కుటుంబం దగ్గరైతే నా చెయ్యి ఆగిపోయింది. 1995లో అక్కడి యుద్ధంలో స్రెబ్రెనిత్సా అనే ఊళ్ళో చంపేసిన వాళ్ళ గడుల్లో మొహాలకి బదులు దొరికిన ఎముకలు, పళ్ళు ఉన్నాయి. హిట్లర్ దగ్గర పనిచేసిన హన్స్ ఫ్రాంక్ వంశంలో కొందరు ఫోటోకి రాకుండా బట్టలు పంపారు. ఉక్రెయిన్ అనాథాశ్రమం పిల్లలకి అసలు వంశమే తెలియదు, వాళ్ళకీ వరసలో చోటిచ్చింది.

ఫోటో తీయడం ఊళ్ళో స్టూడియో అబ్బాయికీ వచ్చు. రానివాళ్ళకి కూడా చోటు అట్టేపెట్టి, అది ఖాళీ అని చూసేవాళ్ళకి తెలిసేలా చెయ్యడం మాత్రం కళే. మీ పెదనాన్నతో ఈ మాట అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నువ్వు ఆయన మీద కోపం పెట్టుకోకు.

మీ అమ్మమ్మ ఫోటో లేదని నీకు తెలుసు. పదోరోజు కర్మకి పెట్టడానికి కూడా దొరక్క దీపం పెట్టాం. పిన్ని పెళ్ళి ఫోటో ఒకటి ఉంది చూడు, అందులో అందరి వెనకా వంటింటి గుమ్మం పట్టుకుని రెండు వేళ్ళూ, ఒక గాజూ కనిపిస్తాయి. అవి అమ్మవే. పిలిస్తే, చేతికి పిండి అంటుకుని ఉందని అక్కడే ఆగిపోయింది. ఆవిడలాగే మన వంశం మీద నువ్వు చేసే పనిలో ఆ ఫోటో పెద్దది చేసి పెట్టకు. అమ్మ గడి ఖాళీగానే ఉంచి, కింద "చేతికి పిండి అంటుకుని ఉంది" అని రాయి.

ఇంకో మాట. నువ్వు గీసిన వంశవృక్షం పటంలో ఆడపిల్లలకి పెళ్ళవగానే గీత ఆగిపోయింది. తాతయ్యగారి కాగితాలు చూసి గీశావు కాబట్టి అలా వచ్చింది. ఇంటిపేరు మారితే నెత్తురు మారుతుందా అమ్మా? మీ మేనత్తల పిల్లల్నీ, వాళ్ళ పిల్లల్నీ కలుపు. నా పుట్టింటివాళ్ళకి వేరే పటం గియ్యి.

ఆ అమెరికా ఆవిడ తన పనికి పెట్టిన పేరు మన దేశంలోని ఒక కుటుంబం కథ నుంచే కదా వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో పొలం కోసం బంధువులే బతికున్నవాళ్ళని రికార్డుల్లో చనిపోయినట్టు రాయించారు. అది చదివి ఆ రాత్రి నిద్రపట్టలేదు. గట్టు తగాదాతో చిన్నతాతయ్య వాళ్ళింటి గడప తొక్కి మనకి 22 ఏళ్ళయింది. మనమేమీ కాగితం రాయించలేదు, కానీ నీ పటంలో ఆయన పేరే లేదు. ఆయన ఉన్నట్టు నీకు మేం చెప్పందే నువ్వెలా రాస్తావు?

నిన్న నేనే ఫోన్ చేశాను. చిన్నమామయ్యగారు గొంతు గుర్తుపట్టి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పిల్లకి ఎప్పుడు వీలో చెప్పమ్మా, గడ్డం గీయించుకుంటాను" అన్నారు. చిన్నత్తయ్యగారు మాత్రం రానన్నారు, ఎందుకో చెప్పలేదు. నేనూ గుచ్చి అడగలేదు. ఆవిడ గడిలో అంతే రాయి.

సంక్రాంతికి రెండు రోజులు ముందుగా రా. తెరకి లేతరంగు దుప్పటి కావాలన్నావుగా, గంజి పెట్టించి ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టాను.

మీ అమ్మ