సీసం గుళ్ళ కిట్‌తో పాటు మీరు పంపిన కాగితం గురించి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
వినియోగదారుల ఫిర్యాదుల విభాగం.

విషయం: ఇంట్లో సీసం గుళ్ళు (చేపల వల అంచుకి బరువు కోసం బిగించేవి) పోసుకునే కిట్ – ప్రమాదకరమైన సూచనలు, పనికిరాని పరికరాలు – డబ్బు వాపసు, పాత కొనుగోలుదారులందరికీ హెచ్చరిక పంపడం గురించి.

అయ్యా,

మీ సైటులో "ఇంట్లోనే సీసం గుళ్ళు – మొదటిసారి చేసేవారికి సంపూర్ణ కిట్" అని పెట్టిన సామాను నేను కొన్నాను. కరెంటుతో కాగే చిన్న కుండ, రెండు సగాలుగా విడిపోయే అల్యూమినియం అచ్చు, గరిటె, చేతి తొడుగులు, వేడి కొలిచే తుపాకీ, ఐదు కిలోల సీసం బిళ్ళలు, ఒక సూచనల కాగితం వచ్చాయి. ఇందులో ఏది బాగుంది అని అడిగితే గరిటె బాగుంది. కుండ కూడా పర్వాలేదు. మిగతావాటి సంగతే ఈ ఉత్తరం.

నేను పాలకొల్లులో రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. ఆదివారం పూట కాలవ మీద విసురువల వేయడం సరదా. బజార్లో గుళ్ళు దొరక్క కాదు, దొరికేవి ఒకటి బరువు, ఒకటి తేలిక. అంచు పొడుగునా బరువు సమంగా లేకపోతే వల గుండ్రంగా విచ్చుకోదు, ఒక పక్కకి మూటలా పడుతుంది. ఒకే అచ్చులో నేనే పోసుకుంటే ఆ బాధ ఉండదని మీ కిట్ తెప్పించాను. సీసం పని అంతకు ముందు ఎన్నడూ చేయలేదు. మీరు రాసినది కూడా సరిగ్గా నాలాంటివాళ్ళ కోసమే కదా.

మీ కాగితంలో నాలుగో సూచన ఇలా ఉంది: "గుండు మీద ముడతలు కనిపిస్తే అచ్చు ఎక్కువ వేడెక్కిందని అర్థం. అచ్చును నీటిలో ముంచి చల్లార్చి, వెంటనే తిరిగి పోయండి."

మొదట పోసిన గుళ్ళన్నీ ముడతలతోనే వచ్చాయి. కాగితం చెప్పినట్టే అచ్చుని బకెట్లో ముంచాను, దులిపాను, మూశాను, పోశాను. అచ్చులోంచి టపీమని పేలి, కరిగిన సీసం నా ముంజేతి మీద, చొక్కా మీద, రేకుల షెడ్డు గోడ మీద చిమ్మింది. కళ్ళజోడు అద్దం మీద రెండు చుక్కలు అతుక్కుని గట్టిపడ్డాయి. నాకు చూపు ఆనదు కాబట్టి కళ్ళజోడు ఉంది. చూపు బాగున్నవాడి గతేమిటో మీరే చెప్పండి. మీ కిట్‌లో కళ్ళకి అడ్డం పెట్టుకునేది ఏదీ లేదు, పెట్టుకోమని మాట కూడా లేదు.

ఎందుకు పేలిందో మీకు తెలియదని అనుకోను, అయినా రాస్తున్నాను. నీరు ఆవిరైతే దాని పరిమాణం 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. అచ్చు గుంటలో ఒక్క చుక్క మిగిలి, దాని మీద 350 డిగ్రీలకు పైబడిన సీసం పడితే ఆ ఆవిరి పైకి తన్నుకొస్తుంది, దానికి అడ్డం వచ్చిన సీసాన్ని వెంట తెస్తుంది. అందుకే సీసం పని చేసేవాళ్ళెవరూ దాని దరిదాపుల్లోకి తడి రానివ్వరు. మీరేమో బకెట్ పక్కన పెట్టుకోమని బొమ్మ వేసి మరీ చూపించారు.

పైగా ఆ సూచన మొదటి సగం కూడా తలకిందులే. గుండు మీద ముడతలు పడేది అచ్చు వేడెక్కినందుకు కాదు, చల్లగా ఉన్నందుకు. సీసం గుంట నిండేలోపే అంచుల దగ్గర గడ్డకడితే ముడతలు వస్తాయి. అచ్చు మరీ వేడెక్కితే గుండు పైభాగం మంచు పట్టినట్టు తెల్లగా, గరుగ్గా వస్తుంది, ముడతలు రావు. అంటే మొదటిసారి చేసేవాడికి తప్పకుండా ఎదురయ్యే ఇబ్బందిని పట్టుకుని, దానికి తప్పు కారణం చెప్పి, ఆ కారణానికి ప్రాణం మీదికి తెచ్చే వైద్యం రాశారు. కిట్ కొన్న ప్రతివాడూ చల్లటి అచ్చుతోనే మొదలుపెడతాడు. ప్రతివాడికీ ముడతలు వస్తాయి. ప్రతివాడూ నాలుగో సూచన దగ్గరికే వస్తాడు. నా చెయ్యి కాలిందన్న దానికంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఇది.

మా మేనమామ అంతర్వేది వైపు ఉంటాడు, వలలు అల్లుతాడు, ఊహ తెలిసినప్పటి నుంచీ గుళ్ళు తనే పోసుకుంటాడు. విషయం తెలిసి వచ్చి, కాగితం నా చేత చదివించుకుని విన్నాడు. "ఒరేయ్ అల్లుడూ, ఇది రాసినోడు సీసం ఎప్పుడైనా కళ్ళతో సూశాడంటావా?" అన్నాడు. తర్వాత పెరట్లో, గాలి వీపు మీద నుంచి వెళ్ళేలా కూర్చుని అదే కుండతో, అదే అచ్చుతో పోసి చూపించాడు. ముందు అచ్చుకి అంటి ఉన్న నూనె తుడిచాడు (మీరు పూసి పంపిన నూనె, దాన్ని తీయాలని కాగితంలో లేదు). కొవ్వొత్తి మంట మీద లోపలి గుంటలకి మసి పట్టించాడు. అచ్చుని కుండ అంచు మీద పెట్టి నిదానంగా కాగనిచ్చాడు. గరిటెని కూడా ఒకేసారి ముంచలేదు, కాసేపు సీసం పైన పట్టుకుని, చెమ్మ పోయాక దించాడు. చిన్న మైనం ముక్క వేసి కలిపి, పైకి తేలిన బూడిదరంగు తెట్టు తీసి మూత ఉన్న డబ్బాలో వేశాడు. మొదట వచ్చిన ముడతల గుళ్ళని మాట్లాడకుండా మళ్ళీ కుండలో వేశాడు. అవి అచ్చుని వేడెక్కించడానికి పోసేవేనట. ఆ తర్వాతవి నున్నగా వచ్చాయి. ఇదంతా రాస్తే అరపేజీ. అయిదో తరగతి దాటని మనిషి మీకు ఊరికే రాసిపెట్టగలడు.

ఇక తుపాకీ. సీసం కరిగేది 327.5 డిగ్రీల దగ్గర. కుండలో సీసం పూర్తిగా కరిగి అద్దంలా తళతళలాడుతుంటే మీ తుపాకీ 190 చూపించింది. బ్యాటరీ మార్చి చూశాను, అంతే. తర్వాత ఐటీఐలో పనిచేసే స్నేహితుణ్ణి అడిగితే తుపాకీ చెడిపోలేదన్నాడు. అది వస్తువు నుంచి వచ్చే పరారుణ కిరణాలను బట్టి లెక్క కడుతుంది. మెరిసే లోహం ఆ కిరణాలను చాలా తక్కువగా వెదజల్లుతుంది, కాబట్టి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. సీసానికి కావలసింది లోపల ముంచి కొలిచే థర్మోకపుల్. మీరేమో "తుపాకీలో 380 కనిపించే వరకు వేడి పెంచండి" అని రాశారు. అది నమ్మి పెంచుకుంటూ పోతే అసలు వేడి ఎక్కడికి పోతుంది? వేడి పెరిగేకొద్దీ తెట్టు ఎక్కువ కడుతుంది, సీసం ఆవిర్లు, పొగ పెరుగుతాయి. మనిషి పీల్చేది దాన్నే. నేను లెక్కలవాణ్ణి, అంకె పొంతన కుదరకపోతే ముందుకి పోను. కాబట్టి అక్కడ ఆగాను. అందరూ ఆగుతారని మీరు హామీ ఇవ్వగలరా?

చేతి తొడుగుల గురించి రెండు ముక్కలు చాలు. "వేడిని తట్టుకునేవి" అన్నారు. నైలాన్ మీద రబ్బరు పూత. నా తొడుగు మీద చుక్క పడిన చోట నైలాన్ కరిగి చర్మానికి అతుక్కుంది. కాలిన గాయం కన్నా దాన్ని వదిలించడమే డాక్టరుకి ఎక్కువ పనైంది. దళసరి తోలు తొడుగు ఏ వెల్డింగు షాపులో అడిగినా ఇస్తారు.

సీసం బిళ్ళల మీద "99.9 శాతం స్వచ్ఛం" అని చీటీ అంటించారు. స్వచ్ఛమైన సీసం మీద గోరుతో గీస్తే గీత పడుతుంది. వీటి మీద పడలేదు. మా మామయ్య సుత్తితో కొట్టి చూస్తే అంచు పగిలింది. అంటే ఇందులో వేరేది కలిసింది, చాలావరకు సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ అయి ఉండాలి. వలకి నొక్కి బిగించే గుళ్ళకి మెత్తటి సీసమే కావాలి, గట్టిది పగులుతుంది. అది వ్యాపారంలో మోసం అనుకుని వదిలేద్దును. కానీ ఈ బిళ్ళలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది వేరే ప్రశ్న. పాత బ్యాటరీ పలకలు కరిగించినవైతే వాటితో ఆర్సెనిక్ అనే విషం కూడా రావచ్చు. బ్యాటరీ సీసం ఇంట్లో ముట్టుకోవద్దని తెలిసినవాళ్ళు చెప్పేది ఊరికే కాదు. ఈ సరుకు ఎవరి దగ్గర కొన్నారో, పరీక్ష కాగితం ఉందో లేదో నాకు రాతపూర్వకంగా తెలపాలి.

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది డబ్బా మీది బొమ్మ. వంటగది. గ్యాసు పొయ్యి పక్కన మీ కుండ. ఒకామె పోస్తుంటే పక్కన స్టూలు మీద ఏడెనిమిదేళ్ళ పిల్లాడు నవ్వుతూ చూస్తున్నాడు. కింద "సెలవుల్లో కుటుంబమంతా కలిసి" అని రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేమిటంటే, శరీరంలో సీసం ఇంతవరకు ఉంటే హాని లేదు అనే హద్దు ఏదీ లేదు. అదే పరిమాణం సీసం లోపలికి పోతే చిన్నపిల్లల ఒంటికి పెద్దవాళ్ళకన్నా నాలుగైదు రెట్లు ఎక్కువగా పడుతుంది, అది వాళ్ళ మెదడుని దెబ్బతీస్తుంది. తెట్టులో ఉండేది మెత్తటి పొడి. చేతికి అంటుతుంది, గట్టు మీద పడుతుంది, అక్కడే అన్నం వండుతాం. మీ కాగితం దాన్ని "చెత్తబుట్టలో పారేయండి" అంటుంది. చేతులు కడుక్కోమన్న మాట లేదు. ఆ బట్టలు విడిగా ఉతకమన్న మాట లేదు. మా ఇంట్లో వంటగది దగ్గరికి రానివ్వలేదు గాబట్టి నేను పెరట్లో పెట్టుకున్నాను. ఆ పుణ్యం మా ఆవిడది, మీది కాదు.

"పర్యావరణహితం" అని కూడా అచ్చు వేశారు, అది చూసి నవ్వొచ్చింది. హంసలు మింగి చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో చిన్న సీసం గుళ్ళ అమ్మకాన్నే 1987లో ఆపేశారు. మన దగ్గర అలాంటి నిషేధం లేదు. లేనంత మాత్రాన హితం అయిపోదు.

మీ కస్టమర్ కేర్ వాళ్ళతో మాట్లాడాను. మొదట ఒక యంత్రం, తర్వాత ఒక అమ్మాయి. పాపం ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. వాడిన సరుకు వెనక్కి తీసుకోరట, 200 రూపాయల కూపన్ ఇస్తారట. వాడకుండా అది పేలుతుందని ఎలా తెలుస్తుందో ఆమె దగ్గర జవాబు లేదు. కాలిన చేతి ఫొటో పంపితే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని మెసేజ్ వచ్చింది.

అందుకని ఇప్పుడు రాతపూర్వకంగా అడుగుతున్నాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షను ప్రకారం, హాని జరగకుండా వాడే విధానం గురించి తగిన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా తయారీదారు బాధ్యత కిందికే వస్తుంది. మీరు సూచనలు ఇవ్వకపోవడం కాదు, హాని జరిగే సూచనే ఇచ్చారు. తయారు చేసింది మేము కాదు అంటారేమో. డబ్బా మీద తయారీదారు పేరు, ఏ దేశం నుంచి వచ్చిందన్నది ఎక్కడా లేవు, మీ పేరు ఒక్కటే ఉంది. కాబట్టి నేను మిమ్మల్నే అడుగుతాను.

నాకు కిట్ ధర మొత్తం, వైద్యానికైన ఖర్చు, రక్తంలో సీసం పరీక్ష ఖర్చు ఇవ్వాలి. కూపన్ వద్దు. ఇది నా ఒక్కడి సంగతి, ఇది ఆలస్యమైనా ఓర్చుకుంటాను. ఆలస్యం చేయకూడనిది ఇంకోటి ఉంది. ఆ కాగితంతో ఉన్న కిట్ అమ్మకం ఈ ఉత్తరం అందిన రోజే ఆపండి. ఇప్పటివరకు కొన్నవాళ్ళ ఫోను నంబర్లు, మెయిళ్ళు మీ దగ్గర ఉన్నాయి. పండగ ఆఫర్లు పంపడానికి వాటిని బాగానే వాడుతున్నారు. అదే దారిలో వాళ్ళందరికీ ఒక్క మాట పంపండి: అచ్చుని నీళ్ళలో ముంచవద్దు, వంటగదిలో పెట్టవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వవద్దు, కళ్ళకి రక్షణ లేకుండా మొదలుపెట్టవద్దు. తెలుగులో, హిందీలో, మీరు ఏ భాషల్లో ప్రకటనలు ఇస్తున్నారో ఆ భాషలన్నిటిలో పంపండి. డబ్బా మీది బొమ్మ తీసేయండి.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలపాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. తెలపకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి నమోదు చేయిస్తాను, ఆపైన మా జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. కొనుగోలుదారుడు తాను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. మీ వకీలే ఇంత దూరం రావాలి.

బిల్లు నకలు, సూచనల కాగితం ఫొటో, తుపాకీలో 190 కనిపిస్తుండగా కరిగి ఉన్న సీసం ఫొటో, కళ్ళజోడు ఫొటో, డాక్టరు చీటీ జతపరిచాను. పగిలిన సీసం బిళ్ళ, కరిగిన తొడుగు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పరీక్షకి కావాలంటే మీ మనిషిని పంపండి, రసీదు తీసుకుని ఇస్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారుడు,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.