బొగ్గు పోయింది సరే, బిట్రగుంట జ్ఞాపకాలన్నా మిగలనీండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మీ నెల్లూరు జిల్లా పేజీలో బిట్రగుంట రైల్వే స్థలాల్లో ఏదో ఒక పరిశ్రమ పెట్టాలని మళ్ళీ డిమాండ్ అని వార్త చూశా. ఈ వార్త నా పెళ్ళి కాకముందు నుంచీ చదువుతానే ఉండా, ఇప్పుడు నాకు మనవళ్ళు. పరిశ్రమ వస్తే సంతోషమే, నేనేం కాదనను. కానీ ఈలోపల ఇంకోటి జరిగిపోతా ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడ్డంలా, అందుకే ఈ ఉత్తరం.

ఇప్పటి పిల్లకాయలకి బిట్రగుంట అంటే కావలి దాటినాక వచ్చే ఒక స్టేషన్, అంతే. మద్రాసు నుంచి బెజవాడకి 431 కిలోమీటర్లు, మా ఊరు దాదాపు దానికి నడిమధ్యన ఉంది, అటు 210 ఇటు 220. 1899లో ఈ లైను కలిసింది. బొగ్గింజను అంత దూరం ఏకబిగిన లాగలేదు, నీళ్ళు కావాలి, బొగ్గు కావాలి, బూడిద దులపాలి, డ్రైవరుకి కూడా నడుము వాల్చే చోటుండాలి కదా, అందుకని ఇక్కడ ఇంజను మార్చేవాళ్ళు. బ్రిటిష్ వాళ్ళ నాటి ఎం.ఎస్.ఎం. (మద్రాస్ అండ్ సదరన్ మరాఠా) రైల్వే కాలం నుంచీ ఇదే వరస. ఇంజన్లు నిలిపి బాగుచేసే లోకో షెడ్, యార్డు, వీధులకి వీధులు క్వార్టర్స్, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, క్రిస్మస్‌కి వాళ్ళ ఇళ్ళ నుంచి మా ఇళ్ళకి కేకు, సంక్రాంతికి మా ఇళ్ళ నుంచి వాళ్ళకి అరిసెలు. ఊరి కోసం స్టేషన్ కట్టలా, స్టేషన్ కోసం ఊరు పుట్టింది.

బొగ్గు యార్డు గురించి చెప్పాలి. సింగరేణి బొగ్గు వ్యాగన్లలో వచ్చేది, దాన్ని దింపి దిబ్బలు పోసేవాళ్ళు, ఆ దిబ్బల మీద నుంచి ఆడోళ్ళు, మగోళ్ళు నెత్తిన తట్టలతో వాలుగా వేసిన బల్ల ఎక్కి, టెండర్లో, అంటే ఇంజను వెనకుండే బొగ్గు తొట్టిలో కుమ్మరించేవాళ్ళు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ దిబ్బ పక్కన నిలబడితే కింద నుంచి సెగ, పైనుంచి సెగ. ఒకామె ఉండేది, తట్ట దించిన ప్రతిసారీ నోట్లో పొడి ఉమ్మేసి చుట్ట వెలిగించుకునేది, ఇంత నిప్పు చుట్టూ ఉండి ఆమెకి అగ్గిపెట్టె ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. పక్కనే యాష్‌పిట్, ఇంజను వచ్చి దాని మీద నిలబడితే కింద నుంచి ఎర్రటి బూడిద లాగి నీళ్ళు కొట్టేవాళ్ళు, బుస్సుమని ఆవిరి లేచేది. ఆ బూడిదలో సగం కాలిన బొగ్గు ఉంటుంది చూడండి, దాని కోసం మేం పిల్లకాయలం డబ్బాలు పట్టుకుని కాపు కాసేవాళ్ళం, వాచ్‌మన్ తరిమేవాడు, మళ్ళీ వెళ్ళేవాళ్ళం. అమ్మ ఆ పొడిలో బంకమట్టి, పేడ కలిపి ఉండలు చేసి గోడ పక్కన ఎండబెట్టేది, బొగ్గుల పొయ్యిలో అవే. గాలి షెడ్ వైపు నుంచి తిరిగితే మాత్రం ఆరేసిన బట్టలు తియ్యడానికి క్వార్టర్స్ ఆడోళ్ళందరూ ఒకేసారి బయటికి పరిగెత్తేవాళ్ళు. తెల్ల పంచె అనేది మా ఊళ్ళో ఉత్త మాట.

మా నాయన ఇంజను పొయ్యి చూసుకునే సెకండ్ ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైర్ అయ్యాడు. రాత్రి రెండు గంటలకి కాల్‌బాయ్ వచ్చి తలుపు కొట్టి పేరు పెట్టి కేకేసేవాడు, పుస్తకంలో సంతకం పెట్టించుకునేవాడు, అప్పటి నుంచి రెండు గంటల్లో షెడ్‌లో ఉండాలి. ఆ కేకకి వీధంతా లేచేది, ఎవరింటికి పిలుపొచ్చిందో అందరికీ తెలిసేది. సింగరేణి బొగ్గులో బూడిద ఎక్కువ, నిప్పులో అట్టలు కట్టేది, పొడుగాటి ఇనుప కడ్డీతో వాటిని పగలగొట్టాలి, లేకపోతే ఆవిరి నిలవదు, ఆవిరి నిలవకపోతే బండి లేటు, బండి లేటైతే చార్జిషీటు. నాయన కుడి చేతి మీద మోచేయి దాకా వెంట్రుక ఉండేది కాదు, అంతా కమిలిపోయింది.

1974 మే నెలలో దేశమంతా రైల్వే సమ్మె జరిగినప్పుడు షెడ్ మూగబోయింది. ఆ కొన్నాళ్ళు మాకు రాత్రుళ్ళు నిద్ర పట్టలా, ఇంజన్ల చప్పుడు లేక. నవ్వొచ్చినా నిజం అది.

తర్వాత డీజిల్ వచ్చింది, ఆ తర్వాత లైనుకి కరెంటు వచ్చింది. విజయవాడలో తగిలించిన ఇంజను మద్రాసు దాకా ఆగకుండా పోతుంటే ఇంక మధ్యలో మాతో పనేముంది. ఇందులో ఎవర్నీ తిట్టడానికి లేదు, మా నాయన కూడా పొగ ఇంజను పోయిందని ఏడవలా, ఆయన వీపుకి తెలుసు దాని సంగతి. కానీ జనం వెళ్ళిపోయారు, బజారు చచ్చిపోయింది, క్వార్టర్స్ తలుపులు, కిటికీలు ఎవరో పీక్కుపోయారు, గోడల్లోంచి రావిమొక్కలు మొలిచినాయి, సర్కారు తుమ్మ సంగతి చెప్పక్కర్లేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. నాలుగేళ్ళ కిందట నాయన ఫోటో ఒకటన్నా దొరుకుతుందేమో, ఆ కాలం రిజిస్టర్లు ఉంటాయేమో అని ఒక ఆఫీసుకి పోయా. అక్కడ కూర్చున్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, పాత కాగితాలన్నీ ఎప్పుడో తూకానికి వేసేశాం అంకుల్ అన్నాడు. కాగితాలు లేవు, గోడలు కూలిపోతా ఉండాయి, ఇంక మిగిలింది మనుషులు. బొగ్గింజను మీద చివరి చివర్లో కుర్రోడుగా చేరినవాడికే ఇప్పుడు డెబ్భై దాటింది. పోయిన సంవత్సరం నాకు తెలిసి ముగ్గురు పోయారు, అందులో ఒకాయన కాల్‌బాయ్‌గా చేసినాయన, ఏ వీధిలో ఏ నంబరు క్వార్టర్‌లో ఎవరుండేవాళ్ళో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు.

హర్యానాలో రేవారి అని ఒక ఊరు, అక్కడ పాత స్టీమ్ షెడ్‌ని బాగుచేసి ఇంజన్లు నడిపి చూపిస్తా ఉండారు, జనం టిక్కెట్టు కొనుక్కుని చూస్తా ఉండారు. మాకు అంత అక్కర్లేదు. స్టేషన్‌లో ఒక గది, లేదా వాడకుండా వదిలేసిన క్వార్టర్ ఒకటి, షెడ్ ఎక్కడ ఉండేదో యార్డు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే బోర్డు, ఇవి చాలు. ఇంకోటి మీ చేతిలోనే ఉంది. మీ జిల్లా ఎడిషన్లో వారానికి పావు పేజీ ఇవ్వండి, ఒక్కో ముసలాయన్ని, బొగ్గు తట్టలు మోసిన ఒక్కో ముసలమ్మని కూర్చోబెట్టి మాట్లాడించండి, మీ కుర్ర రిపోర్టర్ని పంపితే నేనే స్కూటర్ మీద ఇంటింటికీ తిప్పుతా. ముసలమ్మల్ని ముందు అడగండి, డ్రైవర్ల గురించన్నా ఎవరో ఒకరు చెప్తారు, వాళ్ళ గురించి ఎవరూ చెప్పరు.

నాయన డ్యూటీకి వెంట తీసుకుపోయే లైన్ బాక్స్ మా ఇంట్లోనే ఉంది, నల్ల రేకు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో ఆయన పేరు, బిట్రగుంట అని ఇంగ్లీషులో. గది చూపించిన రోజు తెచ్చి పెడతా. ప్రస్తుతానికి దాన్లో మా ఆవిడ చింతపండు దాచుకుని ఉంది, ఆమెని ఒప్పించే పూచీ నాది.

ఇట్లు,
ఒక ఫైర్‌మన్ కొడుకు,
బిట్రగుంట (ప్రస్తుతం నెల్లూరు)