వార్షిక నివేదిక 2024–25: పెద్దవాళ్ళ కమిటీ పనులు

సభ్యులందరికీ నమస్కారం. బోరు మోటారు, సీసీ కెమెరాల లెక్కలు నోటీస్ బోర్డు మీద పెట్టేశాం కాబట్టి ఇక్కడ మళ్ళీ రాయట్లేదు. ఈసారి ఎక్కువ టైం తిన్నది పెద్దవాళ్ళ కమిటీ పని, దాని గురించే చెప్తాను.

మన కాలనీలో చాలా ఇళ్ళల్లో పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక్కోచోట ఒక్కరే, మోకాళ్ళ నొప్పులూ షుగరూ సరే పనమ్మాయి రాకపోతే ఆ పూట వంట కూడా లేదు. అలాంటివాళ్ళకి అసిస్టెడ్ లివింగ్, అంటే సొంత గదిలో ఉంటూనే వంటకీ రోజువారీ పనులకీ సాయం దొరికే హోమ్, ఎలా ఉంటుందో చూపిద్దామని మీటింగ్ పెడితే ఒక మాస్టారు లేచి "అంటే మమ్మల్ని వృద్ధాశ్రమంలో పడేద్దామనా?" అని అడిగేశారు. ఆయన కోపంలో న్యాయం ఉందండీ, పిల్లలు అక్కడ వీడియో కాల్‌లో అంతా ఖాయం చేసేసి అడ్వాన్సు కట్టాక అమ్మానాన్నలకి చెప్తున్నారు మరి. అందుకే కమిటీ ఒక రూలు పెట్టుకుంది: పెద్దవాళ్ళు అడిగితేనే వెళ్తాం, పిల్లలు ఫోన్ చేసి "కాస్త నచ్చజెప్పండి అంకుల్" అంటే వెళ్ళం.

హైదరాబాద్ చుట్టుపక్కల హోమ్స్ చూడ్డానికి తీసుకెళ్తే జిమ్మూ థియేటరూ ఎవరూ పట్టించుకోలేదు. పొద్దున అయిదింటికి కాఫీ ఇస్తారా, ఉల్లి వెల్లుల్లి లేకుండా విడిగా వండుతారా, గదికి లోపల గడియ ఉంటుందా, ఇవీ అడిగినవి. దీపం దగ్గర మాత్రం పేచీ వచ్చింది, ఒకచోట గదిలో మంట పెట్టకూడదు కింద పూజ గదిలో వెలిగించుకోండి అన్నారు, ఇంకోచోట ఆయా పక్కనుంటే పర్లేదన్నారు, మన రెండో వీధి పిన్నిగారు ఆ ఒక్క మాటకే రెండోది ఎంచుకున్నారు. అయినా ఇల్లు ఖాళీ చెయ్యలేదు, తాళం వేసి ఒక నెల ఉండి చూశారు, తర్వాత వచ్చి ఆవకాయ జాడీ, పాత మడత కుర్చీ పట్టుకెళ్ళారు. మాస్టారు వెళ్ళలేదు, పగటిపూట అటెండెంట్‌ని పెట్టుకున్నారు, అదీ బాగానే ఉంది.

కాగితాల విషయంలో రిటైర్డ్ లాయర్‌గారు చాలా సాయం చేశారు. డిపాజిట్‌లో ఎంత, ఎన్నాళ్ళకి తిరిగిస్తారు, హాస్పిటల్లో ఉన్న రోజులకీ నెల చార్జీ పడుతుందా, మతిమరుపు ముదిరితే ఉంచుకుంటారా పంపించేస్తారా, రాత్రి నర్సు ఉంటుందా, ఇవన్నీ అగ్రిమెంట్‌లో రాయించుకోమన్నారు. రిటైర్మెంట్ హోమ్స్‌కి కేంద్రం 2019లో మార్గదర్శకాలిచ్చింది గానీ అవి నమూనావే, కాబట్టి మన కాగితమే మనకి దిక్కు. వెళ్ళేముందు ఇల్లు పిల్లల పేర రాసేస్తామన్నవాళ్ళకి ఆయన 2007 సీనియర్ సిటిజన్స్ చట్టం సెక్షన్ 23 చదివి వినిపించారు: చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చి వాళ్ళు చూసుకోకపోతే ట్రిబ్యునల్ ఆ గిఫ్ట్‌ని రద్దు చెయ్యొచ్చు, ఆ షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించుకోవడం మంచిది. పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567 నంబర్ లిఫ్టుల్లో అంటించాం.

పెన్షన్ ఆగిపోతుందేమోనని భయపడినవాళ్ళకి నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ ఫోన్లో మొహం చూపించి ఇవ్వడం మన కుర్రాళ్ళు నేర్పించారు.

వెళ్ళినవాళ్ళ పేర్లు సభ్యుల లిస్టులోంచి తియ్యకూడదని తీర్మానం చేశాం, వినాయక చవితికీ ఉగాదికీ వాళ్ళని పిలుచుకొచ్చి మళ్ళీ దింపాలి. ఆ రెండు రోజులూ కారు ఇవ్వగలిగినవాళ్ళు సెక్రటరీగారికి పేరివ్వండి, పెట్రోలు, డ్రైవర్ బత్తా సంఘానిదే.